కాంతికిరణముల లెక్కలు, వైద్యవిద్యాప్రవేశము



వైద్యుడు కాగోరు పిల్లవాడు ఎముకల పేరులు, నరముల పేరులు, ఔషధముల గుణములు నేర్వవలెను గాని, అద్దముల లెక్కలతో వాని కేమి పని యని మీలో పలువురకు తోచియుండవచ్చును. మీ మనుమడో మనుమరాలో ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచు, కాగితముపై విల్లువంటి గీత యొకటియు, దానికి తగిలి మరలివచ్చు బాణములు రెండును గీచుకొనుచుండగా మీరు చూచియే యుందురు. అవియే కాంతికిరణముల లెక్కలు. భౌతికశాస్త్రమున ఈ భాగమునకు కిరణ దృశాశాస్త్రమని పేరు. ఈ లెక్కలను సాధనచేయు విధ మెట్టిది, పిల్లలు ఎచ్చట తప్పుదురు, భౌతికశాస్త్రము చదువని పెద్దలు సైతము వారికెట్లు తోడ్పడగలరు అను మూడు సంగతులను నేడు మీకు విన్నవించెదను.

ముందుగా పరీక్ష స్వరూపము. పూర్వము మన రాష్ట్రములలో వైద్యకళాశాలల ప్రవేశమునకు ఎంసెట్ పరీక్ష జరుగుచుండెడిది. 2017 నుండి ఆంధ్రప్రదేశమునందును, తెలంగాణమునందును నీట్ అను అఖిలభారత పరీక్షను బట్టియే ప్రవేశము నిర్ణయమగుచున్నది. 2025వ సంవత్సరపు పరీక్షలో 180 ప్రశ్నలకు 180 నిముషముల కాల మొసగిరి. అందు జీవశాస్త్రమునకు 90, రసాయనశాస్త్రమునకు 45, భౌతికశాస్త్రమునకు 45 ప్రశ్నలు. సరియైన సమాధానమునకు 4 మార్కులు వచ్చును. తప్పు సమాధానమునకు ఒక మార్కు కోసివేయుదురు. విడిచిన ప్రశ్నకు లాభమును లేదు, నష్టమును లేదు. కావున చేయగల లెక్కను తొందరపాటున తప్పుచేసిన పిల్లవానికి రావలసిన నాలుగును పోవును, చేతనున్న ఒకటియు పోవును. అనగా ఐదు మార్కుల వ్యత్యాసము. ఇరువది లక్షలకు పైబడిన పిల్లలు వ్రాసిన ఆ పరీక్షలో ఐదు మార్కుల నడుమ ఎంతమంది నిలిచియుందురో మీరే యూహింపుడు. పొలము కౌలుకిచ్చియో, అప్పుచేసియో పిల్లలను దూరపు వసతిగృహములలో నుంచి చదివించు కుటుంబములకు ఈ ఐదు మార్కులు చిన్న సంగతి కాదు.

అయినను ఈ శాస్త్రభాగము పిల్లలకు శత్రువు కాదు. ఇందు కంఠస్థము చేయవలసినది స్వల్పము. ఒకే పదార్థమునందు కాంతి తిన్నగా సాగును. అద్దమునకు తగిలినపుడు ఎంత కోణమున వచ్చెనో అంత కోణముననే మరలును, ఇది పరావర్తనము. గాలినుండి నీటిలోనికో, నీటినుండి గాలిలోనికో ఏటవాలుగా పోవునపుడు దారి మార్చుకొనును, ఇది వక్రీభవనము. ఆ మార్పు ఎంతయో తెలుపు నియమమునకు స్నెల్ నియమమని పేరు. 1621 ప్రాంతమున దానిని కనుగొన్న హాలెండు పండితుని పేరే దానికి నిలిచినది. ఈ మూడింటి నుండియే దర్పణముల లెక్కలు, కటకముల లెక్కలు, పట్టకముల లెక్కలు, సూక్ష్మదర్శని దూరదర్శనుల లెక్కలు అన్నియు పుట్టుచున్నవి.

నియమము లింత కొంచెమైనచో పిల్లలేల తప్పుదురు? బొమ్మ గీయక సూత్రమునకు దుముకుటవలన. దీనిని కొంచెము విప్పి చెప్పెదను.

భూమి కొలుచు ఉద్యోగి ముందుగా హద్దురాయిని చూచుకొనును. ఏ రాతినుండి కొలుచుచున్నాడో, ఏ దిక్కునకు కొలుచుచున్నాడో నిశ్చయించుకొనకుండ గొలుసు పరచిన యెడల, కొలత సరియైనదే యైనను పొలము ఒకరిది మరియొకరి పాలగును. అద్దముల లెక్కలందును ఒక హద్దురాయి కలదు. దర్పణమునకు దాని నడిమి బిందువు, అనగా ధ్రువము. కటకమునకు దాని కేంద్రము. దూరములన్నియు అచ్చటనుండియే కొలువవలెను. వచ్చు కాంతి యే దిక్కునకు సాగుచున్నదో ఆ దిక్కున కొలిచిన దూరమునకు ధనచిహ్నము. దానికి ఎదురుగా కొలిచిన దూరమునకు ఋణచిహ్నము. దీనికే కార్టీజియన్ సంకేతపద్ధతి యని పేరు. ఈ ఒక్క కట్టుబాటును తప్పనివాడు సగము గెలిచినవాడు.

ఒక లెక్క చూతము. పుటాకార దర్పణము, అనగా లోపలికి గుంటగా నున్న అద్దము. దాని నాభ్యంతరము 15 సెంటీమీటర్లు. దాని యెదుట 20 సెంటీమీటర్ల దూరమున ఒక చిన్న దీపము నుంచితిమి. ప్రతిబింబ మెచ్చట ఏర్పడును? కాంతి దీపమునుండి దర్పణమువైపు పోవుచున్నది. దీపము దర్పణమునకు ముందున్నది గనుక దాని దూరమునకు ఋణచిహ్నము. నాభియు ముందే యున్నది గనుక నాభ్యంతరమునకును ఋణచిహ్నము. దర్పణసూత్రము ప్రకారము నాభ్యంతరముయొక్క వ్యుత్క్రమమునుండి వస్తుదూరముయొక్క వ్యుత్క్రమమును తీసివేయవలెను. వ్యుత్క్రమమనగా ఒకటిని ఆ సంఖ్యచే భాగింపగా వచ్చినది. ఋణ 1/15 నుండి ఋణ 1/20 తీసివేసినచో ఋణ 1/60 మిగులును. కావున ప్రతిబింబము దర్పణమునకు ముందు 60 సెంటీమీటర్ల దూరమున, మూడింతలు పెద్దదై, తలక్రిందులుగా ఏర్పడును. ఆ చోట కాగితము పట్టినచో దానిపై దీపపు బొమ్మ పడును. ఇట్టిదానికి నిజప్రతిబింబమని పేరు.

ఇప్పుడు పిల్లవాడు నాభ్యంతరమునకు ఋణచిహ్నము మరచెననుకొనుడు. వానికి 1/15, 1/20 కలిసి 7/60 వచ్చును. ప్రతిబింబము దర్పణము వెనుక ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు కొంచెము పైన నున్నదని తేలును. వాడు చేసిన కూడికలో తప్పులేదు. కాని యొక్క చిహ్నము జారుటచే, చేతిలోని గుంట అద్దమును ఉబ్బెత్తు అద్దముగా మార్చివైచినాడు. ప్రశ్న కూర్చువా రీ పొరపాటు నెరుగుదురు. అట్లు వచ్చు తప్పు సంఖ్యనే నాలుగు సమాధానములలో నొకటిగా ఉంచవచ్చును. తాను కట్టిన సంఖ్య అచ్చున కనిపింపగానే పిల్లవాడు సంతోషించి ముందునకు సాగిపోవును. బొమ్మ గీచియున్న యెడల ఈ యాపద రాదు. ఏలయన, నాభికి ఆవలనున్న దీపపు కిరణములు గుంట అద్దమునకు తగిలి ముందువైపుననే కలిసికొనుట బొమ్మయందు కంటికి కనబడును.

అదే దీపమును 10 సెంటీమీటర్ల దూరమునకు జరిపినచో చిత్రము జరుగును. ఋణ 1/15 నుండి ఋణ 1/10 తీసివేయగా ధన 1/30 మిగులును. ప్రతిబింబము దర్పణము వెనుక 30 సెంటీమీటర్ల దూరమున, మూడింతలు పెద్దదై, నిలువుగా కనబడును. కాగితముపై దీనిని పట్టజాలము, ఇది మిథ్యాప్రతిబింబము. మూడింతలగుట రెండు చోట్లను సమానమే. భేదమంతయు చిహ్నమునందే యున్నది. "మూడింతల ప్రతిబింబము కావలెనన్న వస్తువు నెచ్చట నుంచవలెను?" అని యడిగినచో ఒక్క సమాధానముతో తృప్తిపడక, "నిజమా, మిథ్యయా?" అని తన్ను తాను ప్రశ్నించుకొనుటయే సాధన.

ఇక మీ కంటద్దముల లెక్క. చత్వారము వచ్చిన పెద్ద యొకరికి 50 సెంటీమీటర్లకంటె దగ్గరనున్న అక్షరములు స్పష్టముగా కనబడవు. ఆయన పుస్తకమును 25 సెంటీమీటర్ల దూరమున పట్టుకొని చదువగోరుచున్నారు. ఎట్టి కటకము కావలెను? పుస్తకము 25 సెంటీమీటర్ల దూరమున నున్నను, కటకము దాని మిథ్యాప్రతిబింబమును 50 సెంటీమీటర్ల దూరమున, పుస్తకమున్న వైపుననే చూపవలెను. రెండు దూరములకును ఋణచిహ్నమే. కటకసూత్రమున ప్రతిబింబదూరపు వ్యుత్క్రమమునుండి వస్తుదూరపు వ్యుత్క్రమమును తీసివేయుదుము. ఋణ 1/50 నుండి ఋణ 1/25 తీసివేయగా ధన 1/50 వచ్చును. నాభ్యంతరము 50 సెంటీమీటర్లు, అనగా అర మీటరు. ఒకటిని అర మీటరుచే భాగింపగా రెండు. కటక సామర్థ్యము ధన 2 డయాప్టర్లు. కంటివైద్యుడు చీటిపై వ్రాయు ప్లస్ టూ ఇదియే.

ఇచ్చట ప్రతిబింబదూరమునకు పొరపాటున ధనచిహ్నము పెట్టినవానికి 3/50 వచ్చి, సామర్థ్యము 6 డయాప్టర్లని తేలును. ఆ అద్దములు పెట్టుకొన్న పెద్దమనిషి పుస్తకమును పదునేడు సెంటీమీటర్ల లోపునకు, ముక్కు సమీపమునకు, తెచ్చుకొననిదే చదువజాలడు. పరీక్షలో ఐదు మార్కులు తీసికొనిపోవు చిహ్నమే, రేపు వైద్యుని చేతిలో నొక మనుష్యుని చూపును తీసికొనిపోగలదు. వైద్యవిద్యాప్రవేశమునకు కిరణముల లెక్క లేలయన్న ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఇందులకు వైద్యచరిత్రయే సాక్ష్యము. కంటిలో శుక్లము ముదిరినపుడు మసకబారిన సహజకటకమును తీసివేసి, దాని స్థానమున కృత్రిమకటకము నమర్చు చికిత్స నేడు మన జిల్లాలన్నిటను జరుగుచున్నది. 1949లో లండను నగరమునందలి సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ యను శస్త్రవైద్యుడు దీనిని తొలుత చేసెను. యుద్ధకాలమున విమానముల కిటికీల పలుకులు వైమానికుల కన్నులలో దూరియు ఆ కన్నులను పుండుపడజేయకుండుట గమనించి, ఆయన ఆ ప్లాస్టిక్ పదార్థముతోనే కటకమును చేయించెను. శస్త్రచికిత్స నెరవేరెను గాని, ఆ రోగికి తీవ్రమైన హ్రస్వదృష్టి ప్రాప్తించెను. కారణమేమన, కొత్త కటకమునకు సహజకటకపు వంపునే యిచ్చిరి. కాని ఆ పదార్థముయొక్క వక్రీభవన గుణకము సహజకటకముకంటె హెచ్చు. వంపు అదియే యుండి గుణకము హెచ్చినచో కటకము కాంతిని కావలసినదానికంటె మిక్కిలిగా వంచును. పిల్లలు నేర్చు కటకతయారీ సూత్రము చెప్పునది సరిగా ఈ సంగతియే. పిమ్మట ఆ లెక్క సవరింపబడినది. నేడు శుక్లము తీయుటకు ముందు కంటి పొడవును, నల్లగ్రుడ్డుపైనున్న పారదర్శకపటలపు వంపును కొలిచి, ఎంత సామర్థ్యముగల కటకము కావలెనో లెక్కకట్టి నిర్ణయింతురు.

ఇక సాధన యెట్లు చేయవలెను? దుక్కిలో తొలిచాలు వంకరయైనచో తక్కిన చాళ్ళన్నియు వంకరలే యగునని మీకు తెలియును. ఇచ్చట తొలిచాలు బొమ్మ. ప్రతి లెక్కకును నాలుగు మెట్లుండవలెను. మొదటిది, సీసపుకడ్డీతో బొమ్మ గీచి, కాంతి వచ్చు దిక్కును బాణముతో చూపుట. రెండవది, ఇచ్చిన దూరముల నన్నిటిని చిహ్నములతో సహా ఒకచోట వ్రాసికొనుట. మూడవది, సూత్రమునకు పోకముందే సమాధానము ఏ వైపున నుండును, పెద్దదగునా చిన్నదగునా, నిజమా మిథ్యయా యని ఊహించుట. నాలుగవది, లెక్క కట్టి, వచ్చిన ఫలమును ఆ యూహతో సరిచూచుట. రెండును పొసగనిచో ఎచ్చటనో తప్పు దాగియున్నదన్నమాట. మొదట ఒక లెక్కకు ఐదు నిముషములు పట్టినను చింతలేదు. చేయి అలవాటు పడిన పిమ్మట బొమ్మ పది క్షణములలో వచ్చును. అప్పుడు గడియారము ముందుంచుకొని వేగమును పెంచవలెను.

దినమునకు నూరు లెక్కలు పైపైన చూచుటకంటె, పది లెక్కలు ఈ నాలుగు మెట్లతో చేయుట మేలు. ముందుగా పాఠ్యపుస్తకమునందలి ఉదాహరణములు, అభ్యాసములు; పిదప గడచిన సంవత్సరముల ప్రశ్నపత్రములు. వీనితోపాటు తప్పుల పుస్తకమొకటి యుండవలెను. తప్పిన లెక్కను అందు వ్రాసి, ఎందుచే తప్పెనో ఒక్క మాటలో పేర్కొనవలెను: చిహ్నము తప్పెనా, దర్పణసూత్రమును కటకమునకు వాడెనా, కూడికలో తప్పెనా, లేక ప్రశ్నను సరిగా చదువలేదా? వారము గడచిన పిమ్మట, పాత సమాధానము చూడకుండ అదే లెక్కను మరల చేయవలెను. నెల తిరుగునప్పటికి ఆ పుస్తకమే ఆ పిల్లవాని దోషమునకు నిదానము చెప్పును. రోగనిదానము నేర్వబోవువానికి ఇంతకంటె తగిన యభ్యాస మేమి కలదు?

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు మరియొక మాట. ఈ పరీక్షను తెలుగునను వ్రాయవచ్చును. అయినను అనువాదమున సందేహము కలిగినచో ఆంగ్లపాఠమే ప్రమాణమని నియమము. కావున కటకమనగా లెన్సు, దర్పణమనగా మిర్రరు, నాభ్యంతరమనగా ఫోకల్ లెంగ్త్, వక్రీభవనమనగా రిఫ్రాక్షన్ అని రెండు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసికొని నేర్చుట క్షేమము. భావము తెలుగున కుదిరినవానికి ఆ పేర్లు రెండు దినముల పని.

ఇక మీ వంతు. లెక్కలు మాకు రావని మీరు వెనుదీయ బనిలేదు. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటకు మారుగా, "బొమ్మ చూపుము. వెలుగు ఎచ్చటనుండి వచ్చుచున్నది? ప్రతిబింబ మెచ్చట నున్నది? అది కాగితముపై పడునా, పడదా?" అని యడుగుడు. మీకు తెలియునట్లు చెప్పగలిగినచో వారికి తెలిసినట్లే. చెప్పజాలక తడబడినచో ఆ తడబాటు పరీక్షశాలలో గాక మీ యరుగుమీదనే బయటపడినది. అది మేలే గదా.

ప్రయోగశాలయు మీ యింటనే కలదు. మెరయుచున్న కొత్త గరిటె లోపలివైపున చూచుకొన్నచో ముఖము తలక్రిందులుగా నుండును; వెలుపలివైపున చిన్నదై నిలువుగా నుండును. పుటాకార, కుంభాకార దర్పణములు రెండును ఒక్క గరిటెలోనే యున్నవి. ఖాళీ గిన్నె యడుగున రూపాయిబిళ్ల నుంచి, అది అంచుచాటున కనుమరుగగు వరకు వెనుకకు జరిగి నిలువుడు. మరియొకరు నెమ్మదిగా నీరు పోసినచో బిళ్ల మరల కనబడును. చత్వారపు అద్దమును కిటికీకి దూరముగానున్న తెల్లని గోడ యెదుట పట్టి ముందువెనుకలకు జరిపినచో, ఒకచోట వెలుపలి చెట్టు తలక్రిందులుగా గోడపై పడును. అద్దమునకు గోడకు నడుమ దూరమును కొలిచి, 100 సెంటీమీటర్లను ఆ దూరముచే భాగించినచో మీ చీటిపైనున్న సంఖ్య ఇంచుమించుగా వచ్చును. సూర్యునివైపు మాత్రము కటకముద్వారా ఎన్నడును చూడరాదు.

బావి సంగతియు మీకు తెలియనిది కాదు. నీటియొక్క వక్రీభవన గుణకము 4/3. కావున పైనుండి నిలువుగా చూచువానికి పన్నెండడుగుల నీరు తొమ్మిదడుగులుగా కనబడును. చెరువు లోతులేదని భ్రమసి దిగిన పిల్లలు ఆపదలో పడుటకు ఇదియు నొక కారణము. నీటిలోనుండి పైకి వచ్చు కిరణము లంబముతో ఇంచుమించు 49 అంశముల కోణమును మించినచో బయటికి రాజాలక మరల నీటిలోనికే పోవును. ఇది సంపూర్ణాంతర పరావర్తనము. గాజుపోగులోనికి ప్రవేశించిన వెలుగు ఈ నియమము చేతనే వంపులు తిరుగుచు సాగిపోవును. అట్టి పోగులతో కూర్చిన గొట్టమును నోటిద్వారా దింపి వైద్యుడు కడుపులోని పుండును చూడగలుగుచున్నాడు. చెరువుగట్టున మీరెరిగిన సంగతికి, పట్టణపు టాసుపత్రిలోని సాధనమునకు నియమము ఒక్కటే.

కడపటి మాట. ఇంత సాధన చేసినను అందరకు సీటు రాదు. సీట్లు కొన్ని, కోరువారు లక్షలు. రానినాడు పిల్లవానిని అప్పుల పద్దులతో, పొరుగింటి పిల్లలతో పోల్చి నొప్పింపకుడు. కన్నులను పరీక్షించి అద్దములను నిర్ణయించు ఆప్టోమెట్రీ వంటి చదువులును కలవు. అందు ఈ కిరణముల లెక్కలే నిత్యము పనికివచ్చును. నేర్చిన విద్య వ్యర్థము కాదు. నిద్రమాని, భయముతో చదివిన చదువు మాత్రము నిలువదు. రాత్రి తగినంత నిద్రయు, వేళకు భోజనమును, ఇంటినుండి యొక చల్లని మాటయు పరీక్షకు చేయు సాధనలోని భాగములే యని పెద్దలు గ్రహింతురు గాక.

మీ యింటి పిల్లలు నేడు పుస్తకము తెరచినపుడు, దగ్గర కూర్చుండి ఒక్క బొమ్మను గీయించి చూడుడు. వారు గీచిన బాణము ఏ దిక్కునకు పోవుచున్నదో అడుగుడు. సెలవు.